11 ఎంఎం తాడు మోయలేకపోతున్నాం, సన్నది కొనమంటారా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది గాజువాక. ఐదారుగురు స్నేహితులం ఆదివారాలు కిరండూల్ పాసింజర్ ఎక్కి బొర్రా, అనంతగిరి వైపు వెళ్లి రాళ్ల మీద, చిన్న చిన్న జలపాతాల పక్కన రాపెల్లింగ్ (తాడు మీద జారుతూ దిగడం) చేస్తుంటాం. మా దగ్గరున్నది ఒకటే తాడు: 11 ఎంఎం స్టాటిక్ (పెద్దగా సాగని రకం), 50 మీటర్లు, కొని రెండేళ్లయింది. పైన చెట్టుకు కట్టి దిగుతాం. చివరివాడు దాన్ని విప్పి కింద పడేసి, కాలిబాటన నడిచి వచ్చేస్తాడు. మేం దిగే చోట్లేవీ 22 మీటర్లు దాటవు. తాడొక్కటే సగం బ్యాగు తినేస్తోంది, బరువు నాలుగు కిలోలు. తడిసిందంటే తిరుగు ప్రయాణంలో మోసేవాడి పని అయిపోయినట్టే. 8 ఎంఎం కొనేద్దామని ఒకడంటాడు. ఇంకొకడు ఆన్‌లైన్‌లో 6 ఎంఎం తాడు చూపించాడు. 60 మీటర్లు కిలోన్నరేనట, మీద '1500 కిలోల లోడ్' అని రాసి ఉంది. మరొకడు ఫిషింగ్ హార్బర్ దగ్గర తాళ్లు చవగ్గా దొరుకుతాయంటున్నాడు. అందరివీ ఫిగర్ 8 డిసెండర్లే (తాడు చుట్టి, జారుడుకు బ్రేకు వేసే 8 ఆకారపు పరికరాలు). మాలో ఇద్దరు కొత్తవాళ్లు. ఏది కొనమంటారు?

సమాధానం: తమ్ముడూ, 22 మీటర్లు దిగడానికి 50 మీటర్ల తాడు మోస్తున్నారు. నీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది అదే. తాడు లావు గురించి మీలో మీరు వాదించుకుంటున్నారు గానీ, పొడవు గురించి ఎవరూ మాట్లాడినట్టు లేదు. చివరివాడు తాడు విప్పేసి నడిచి దిగుతున్నాడంటే మీరు వాడేది ఒంటి పేటే. రెండు పేటలు వేసి దిగి, కింద నుంచి ఒక పేట పట్టి లాక్కునేవాళ్లయితే 50 మీటర్లు కావాలి. ఒంటి పేటకు అక్కర్లేదు. మిగిలిన తాడంతా ఏం చేస్తోంది? జలపాతం కింద మడుగులో పడి నీళ్లు తాగుతోంది, దిగినవాడి కాళ్లకు చుట్టుకుంటోంది. సాయంత్రం దాన్నే పిండుకుని భుజాన వేసుకుని వస్తున్నారు.

లెక్క చూడు. చెట్టు నుంచి అంచు దాకా 4 మీటర్లు అనుకుందాం. దిగుడు 22. చెట్టు చుట్టూ కట్టుకు, ముడికి కలిపి ఒకటిన్నర. కింద నిలబడ్డవాడు కొస పట్టుకోవడానికి 2. మొత్తం 30 మీటర్ల లోపే. 11 ఎంఎం స్టాటిక్ తాడు మీటరు 75 నుంచి 80 గ్రాములు తూగుతుంది. అంటే 30 మీటర్లు సుమారు 2.3 కిలోలు. నువ్వు కొనాలనుకుంటున్న 8 ఎంఎం మీటరు 40 గ్రాముల పైచిలుకు ఉంటుంది. అది 50 మీటర్లు తీసుకుంటే 2.1 కిలోలు. ఉన్న తాడును కత్తిరించుకోవడానికీ, కొత్తగా సన్న తాడు కొనడానికీ మధ్య తేడా రెండు వందల గ్రాములన్నమాట. ఇంకా చెప్పాలంటే, 10 ఎంఎం తాడు 30 మీటర్లు రెండు కిలోలకు మించదు. నీ స్నేహితుడి 50 మీటర్ల 8 ఎంఎం కంటే అదే తేలిక.

బ్యాగులో చోటు సంగతీ అంతే. తాడు పట్టే చోటు దాని అడ్డుకొలతను బట్టి కాదు, ఆ కొలత వర్గాన్ని బట్టి మారుతుంది. 11 నుంచి 10కి దిగితే పైకి ఒక్క మిల్లీమీటరే, కానీ బరువు, చోటు రెండూ ఆరో వంతు తగ్గుతాయి. 8కి దిగితే దాదాపు సగమవుతాయి. గాలి సందులు లేకుండా కొలిస్తే 11 ఎంఎం తాడు 50 మీటర్లు 4.75 లీటర్లు. బ్యాగులో కూరినప్పుడు సందులతో కలిపి దానికి రెట్టింపు దగ్గరికి వస్తుంది. సగం బ్యాగు తినేస్తోందని నువ్వన్నది అందుకే. అదే లెక్కన 8 ఎంఎం 50 మీటర్లు 2.5 లీటర్లు, 10 ఎంఎం 30 మీటర్లు 2.4 లీటర్లు. ఇక్కడా పొట్టి తాడే గెలిచింది, అదీ సన్నదనం తెచ్చిపెట్టే తలనొప్పులు లేకుండా.

అయితే కత్తెర తీసుకునే ముందు రెండు సంగతులు. మీలో ఎవరికైనా పైన యాంకర్ (తాడు కట్టే ఆధారం) దగ్గర, బరువు పడ్డాక కూడా విప్పగలిగే ముడితో తాడు కట్టడం వస్తే, ఆ మిగులు తాడును కింద పడేయకుండా పైనే ఉంచుకుంటారు. దిగేవాడి జుట్టో చొక్కానో డిసెండర్‌లో ఇరుక్కుంటే పైనుంచి ఆ ముడి వదిలి, మనిషిని అలాగే కిందికి దించేయొచ్చు. అలా వాడేవాళ్లకు దిగుడుకు రెట్టింపు తాడు కావాల్సిందే. అది మీకు వస్తే కత్తిరించవద్దు, తాడు కింద పడేయడం మానేయండి చాలు. నువ్వు రాసినదాన్ని బట్టి మీరు చెట్టుకు గట్టి ముడి వేసి దిగుతున్నారు, కాబట్టి పొడవు వల్ల మీకొచ్చే లాభమేం లేదు.

రెండోది, ముందు కొలుచుకో. నైలాన్ స్టాటిక్ తాడు నాలుగు సార్లు తడిసి ఆరేసరికి కుదించుకుపోతుంది. 50 అని కొన్నది ఈపాటికి 47 అయి ఉండొచ్చు. పొడవు తగ్గిన మేర లావెక్కి, మీటరు బరువు కూడా పెరిగి ఉంటుంది. కొత్త తాడు కొన్నా వాడే ముందు ఒక రాత్రి మంచినీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, అప్పుడు కొలవాలి.

ఎక్కడ కత్తిరించాలనేది కూడా ఆలోచించి చెయ్యి. మీరు ఎప్పుడూ ఒకే కొసను చెట్టుకు కడుతూ వచ్చి ఉంటే, ఆ కొస నుంచి నాలుగైదు మీటర్ల దగ్గర తాడు రాతి అంచు మీద పడుతూ ఉంటుంది. అరిగేది అక్కడే. తాడంతా ఒకసారి గుప్పిట్లోంచి మెల్లగా జారనివ్వు. మధ్యలో చదునుగా, మెత్తగా, లోపల ఏమీ లేనట్టు తగిలిన చోటు గుర్తు పెట్టుకో. అక్కడ చిన్న మెలిక వేసి చూడు. బాగున్న తాడు గుండ్రంగా వంగుతుంది, లోపలి కోర్ దెబ్బతిన్న చోట విరిగినట్టు మడత పడుతుంది. అలాంటి చోటు కనిపిస్తే అక్కడే కోసి, ఆ ముక్కను బట్టలారేసుకోవడానికి ఇచ్చేయ్. బాగున్న వైపు 30 మీటర్లు ఉంచుకో. మిగిలిన బాగున్న ముక్క యాంకర్ కట్టడానికి పనికొస్తుంది. చెట్టుకో బండకో చుట్టే చోట లావు తాడే మేలు. కోసేటప్పుడు ముందు టేపు చుట్టి, వేడి చేసిన కత్తితో కోసి, కొస కరిగించు. కోసిన కొసన కంపెనీ పట్టీ ఉండదు కాబట్టి అక్కడ కొన్న ఏడాది, లావు, రకం, కొత్త పొడవు రాసి పైన పారదర్శకమైన టేపు వేసెయ్. పొట్టి తాడుతో పొడి రాయి మీద దిగేటప్పుడు చివర ముడి తప్పనిసరి. కింద నీళ్లు పారుతుంటే ముడి వేయకూడదు, అందులో ఇరుక్కుంటే నీటి ధాటికి బయటపడలేరు. అక్కడ కొస నీళ్లకు తగిలేలా సరిచేసి కడితే చాలు.

ఇక మీ వాదనలోకి వద్దాం. 8 ఎంఎం తాడు తెగుతుందా అని కదా మీ అనుమానం? తిన్నగా వేలాడదీస్తే తెగదు. రాపెల్లింగ్‌కు వాడే స్టాటిక్ తాళ్లకు యూరప్ ప్రమాణం ఒకటుంది, ఈఎన్ 1891. అందులో ఎ, బి అని రెండు రకాలు. ఎ రకం తాడు ముడి లేకుండా కనీసం 22 కిలోన్యూటన్లు, ముడి వేశాక 15 కిలోన్యూటన్లు ఆపాలి. కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు అనుకో. బి రకానికి అవే అంకెలు 18, 12. ఆ ప్రమాణం 8.5 ఎంఎం దగ్గర మొదలవుతుంది. అంతకంటే సన్నవి అందులోకి రావు. 4 నుంచి 8 ఎంఎం దాకా ఉండేవి ఈఎన్ 564 అనే మరో ప్రమాణం కిందికి వస్తాయి. వాటిని తాడు అనరు, కార్డ్ అంటారు. తాడు చుట్టూ వేస్తే బరువు పడగానే బిగిసి పట్టే ప్రూసిక్ ముడులకు, సామాన్లు కట్టుకోవడానికి ఉద్దేశించినవవి. ఆ లెక్కన 8 ఎంఎం కార్డ్ కనీసం 12.8, 6 ఎంఎం 7.2 కిలోన్యూటన్లు ఆపాలి. ముడి పడితే అందులో మూడో వంతు దాకా పోతుందనుకో. ఆన్‌లైన్‌లో చూసిన 6 ఎంఎం మీద '1500 కిలోల లోడ్' అని ఉందన్నావు. ఏ ప్రమాణం, ఏ నంబరు లేకుండా అంకె ఒక్కటే రాసి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నైలాన్ 6 ఎంఎంకు అంత బలం రావడం కష్టం.

6 ఎంఎంలో నిజంగా బలమైనవి లేకపోలేదు. పెట్జిల్ కంపెనీ రాడ్ లైన్ లాంటివాటి లోపల నైలాన్ బదులు హెచ్ఎంపీఈ అనే పీచు ఉంటుంది, మనవాళ్లు డైనీమా అంటారు. మంచు కొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లు, ఎవరైనా మంచు పగుల్లో పడితే పైకి లాగడానికి తీసుకెళ్తారు. ఆ పీచు 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది. నైలాన్ అయితే రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఫిగర్ 8లో జర్రున జారుతూ దిగేవాళ్ల డిసెండర్ ఎంత కాలుతుందో నీకు చెప్పక్కర్లేదు. పైగా ఆ పీచు జారుడు, మామూలు ప్రూసిక్ దాని మీద పట్టదు. దానికి తగ్గ పరికరాలు వేరే ఉంటాయి. మీ దగ్గరున్న సామానుతో దాని జోలికి వెళ్లొద్దు.

8 ఎంఎంతో అసలు చిక్కు బ్రేకు దగ్గర. ఫిగర్ 8 తాడును మెలితిప్పి, ఆ రాపిడితో మనిషిని ఆపుతుంది. తాడు సన్నబడితే రాపిడి తగ్గుతుంది, గుప్పిట్లో పట్టూ తగ్గుతుంది, తడిస్తే రెండూ ఇంకా తగ్గుతాయి. మరో సంగతి గమనించావో లేదో. దిగడం మొదలుపెట్టినప్పుడు డిసెండర్ కింద వేలాడుతున్న తాడు బరువు నీ కుడిచేతికి సాయం చేస్తుంది. 11 ఎంఎంలో 20 మీటర్లు వేలాడుతుంటే కిలోన్నర బరువు నీ తరఫున కిందికి లాగుతూ ఉంటుంది. అందుకే పైన ఉండగా తాడును చేత్తో ఎత్తి ఎత్తి వదలాల్సి వస్తుంది. దిగేకొద్దీ ఆ బరువు కరిగిపోతుంది. చివరి ఐదు మీటర్లలో ఆపే భారమంతా చేతిదే. 8 ఎంఎంలో ఆ సాయం మొదట్లోనే సగం. చెయ్యి అలిసిపోయి, గ్లవ్స్ తడిసి ఉన్న సమయానికి తాడు వేగం పుంజుకుంటుంది. మీలో 90 కిలోల మనిషి ఎవరైనా ఉంటే వాడికి ఇంకా కష్టం. ప్రమాదం ఎక్కువగా కింద, అంతా అయిపోయిందనుకునే చోట జరుగుతుంది.

దీనికి మందు లేదా అంటే ఉంది. అమెరికా ఎడారి లోయల్లో 8 ఎంఎం తాళ్లతో దిగేవాళ్లు బోలెడుమంది. కానీ వాళ్ల డిసెండర్లు వేరు. దిగుతూ దిగుతూ మధ్యలోనే ఇంకో చుట్టు వేసి రాపిడి పెంచుకునే కొమ్ములుంటాయి వాటికి. ఆ తాళ్ల పై అల్లిక కూడా గట్టి పాలిస్టర్. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లలో ప్రతి ఒక్కరికీ తన బ్రేకు తను సరిచేసుకోవడం వచ్చు. మీలో ఇద్దరు కొత్తవాళ్లు. తాడు ఎంపిక చేయాల్సింది వాళ్ల చేతుల్ని చూసి, బ్యాగు మోసేవాడి భుజాన్ని చూసి కాదు.

ప్రూసిక్ గురించి ఎవరూ ఆలోచించరు. బ్యాకప్‌గా వేసే ప్రూసిక్ కార్డ్ తాడు కంటే బాగా సన్నగా ఉంటేనే పట్టుకుంటుంది. మీ 11 ఎంఎం మీద 6 ఎంఎం కార్డ్ చక్కగా బిగుస్తుంది. అదే కార్డ్ 8 ఎంఎం తాడు మీద వేసి లాగు, సాగిపోతూ ఉంటుంది. తాడు మారిస్తే కార్డులూ మార్చాలి. పరికరాల మీద ఏ లావు తాడుకు పనిచేస్తాయో చెక్కి ఉంటుంది, ఒకసారి తిప్పి చూసుకోండి.

అంచుల విషయం నాకు అన్నిటికంటే భయం. మన విశాఖ చుట్టుపక్కల కొండలు, తూర్పు కనుమలు చాలావరకు ఖోండలైట్ రాయి. ఖోండు తెగ పేరే దానికి పెట్టారు. ఎర్రబారి, పొరలు పొరలుగా ఊడే ఆ రాతిలో గార్నెట్ గింజలుంటాయి. భీమిలి వైపు ఇసుకలో ఎర్రటి చారలు కనిపిస్తాయే, అందులోదీ అదే. గార్నెట్‌తోనే ఉప్పుకాగితం తయారు చేస్తారు. అలాంటి అంచు మీద మనిషి బరువుతో బిగిసిన తాడు ఊగుతుంటే ఏమవుతుందో చెప్పాలా! స్టాటిక్ అన్నారని అసలు సాగదనుకోవద్దు. 50 కిలోల నుంచి 150 కిలోల బరువు మధ్య 5 శాతం దాకా సాగడానికి ప్రమాణమే ఒప్పుకుంటుంది. 25 మీటర్ల తాడు 3 శాతం సాగినా 75 సెంటీమీటర్లు. దిగేవాడు ఆగి, కుదిపి, మళ్లీ దిగుతుంటే ఆ సాగుడంతా అంచు మీద ముందుకీ వెనక్కీ రంపంలా ఆడుతుంది. సన్న తాడు ఎక్కువ సాగుతుంది, దాని పై అల్లిక మందమూ తక్కువ. 11 ఎంఎంలో పైన నూలు లేచిన మచ్చతో సరిపోయేది, 8 ఎంఎంలో కోర్ దాకా వెళ్తుంది.

అందుకే ఏ తాడు వాడినా అంచు కింద ఏదో ఒకటి వేయాలి. పాత ఫైర్ హోస్ ముక్క నిలువునా కోసి, తాడుకు తొడిగి, జారిపోకుండా వేరే కార్డ్‌తో చెట్టుకు కట్టు. మందమైన కాన్వాస్ అయినా పర్వాలేదు. యూరప్ గుహల్లోకి దిగేవాళ్లు 9 ఎంఎం తాళ్లతో వందల మీటర్లు దిగి ఎక్కుతారు. వాళ్ల పద్ధతిలో తాడును రాతికి తగలనివ్వరు. రాయి తగిలే ప్రతిచోటా మధ్యలో మరో యాంకర్ కొట్టి, అక్కడి నుంచి తాడును మళ్లీ వేలాడదీస్తారు. అది మనకు వీలుకాని పని, మీరు చెట్టుకు కట్టి అంచు మీదుగా వదులుతున్నారు. అంచు మీద వాడే తాడు లావుగా ఉండాలి.

తడి గురించి రాశావు, అది నిజమైన బాధే. నైలాన్ నీళ్లు పీలుస్తుంది. బరువు పెరగడమే కాదు, తడిసినప్పుడు బలమూ కొంత తగ్గుతుంది. పాలిస్టర్ దాదాపు పీల్చదు, అల్లికల సందుల్లో నిలిచిన నీళ్లే మోయాలి. కాకపోతే పాలిస్టర్ సాంద్రత 1.38, నైలాన్‌ది 1.14. అందుకని షాపులో పొడిగా ఉన్నప్పుడు చూస్తే అదే లావులో పాలిస్టర్ కలిసిన తాడే కాస్త బరువు అనిపిస్తుంది. జలపాతాల దగ్గర వాడేవాడు పొడి బరువు చూసి కొంటే మోసపోతాడు. తిరుగు ప్రయాణంలో బరువు చూడాలి. నైలాన్ కోర్, పాలిస్టర్ పై అల్లిక ఉన్నది దొరికితే మీకు అదే నప్పుతుంది.

కొనేటప్పుడు ఎంఎం కంటే మీటరుకు ఎన్ని గ్రాములో అడుగు. రెండు కంపెనీల 10 ఎంఎం తాళ్లు ఒకే బరువు ఉండవు. ఒకటి 62, ఇంకోటి 68 ఉంటుంది, అల్లిక బిగువును బట్టి. అందులో బరువైనది సాధారణంగా ఎక్కువ రోజులు మన్నుతుంది. మన దగ్గర అలాంటి తాళ్లు విడిగా దొరకడం తక్కువ కాబట్టి తెప్పించుకోవాల్సిందే. వచ్చాక వీధి చివర కిరాణా షాపులో కాటా మీద పెట్టి, పొడవుతో భాగించి చూసుకో. కొసన పట్టీ మీద ఎ అని, లావు అంకె ఉండాలి. ప్రమాణం పాటించిన తాడు లోపల పొడవునా సన్నటి రిబ్బన్ లాంటి టేపు ఉంటుంది. దాని మీద కంపెనీ పేరు, ప్రమాణం నంబరు, తయారైన ఏడాది అచ్చేసి ఉంటాయి. కొస దగ్గర పై అల్లిక కొంచెం వెనక్కి తోస్తే కనిపిస్తుంది. అది లేని తాడు వాపసు చేసెయ్.

ఇంతకీ ఏది కొనాలంటావా? నా మాటంటే, రెండో తాడు కొనండి. మోత తగ్గించమని అడిగితే ఇంకోటి మోయమంటున్నాడేంటని తిట్టుకోకు. ఇద్దరు కొత్తవాళ్లను ఒక్క తాడు మీద దించడం నాకు నచ్చలేదు. చెయ్యి జారితే వాళ్లను ఆపేది ఏదీ లేదు, కింద నిలబడ్డవాడు కొస పట్టుకుని లాగడం తప్ప. అదీ వాడు అటే చూస్తూ ఉంటేనే. ఎ రకం 10 ఎంఎం, కుదించుకుపోయాక 30 మీటర్లు మిగిలేలా 33 మీటర్ల దాకా తెప్పించుకో. వేరే యాంకర్‌కు కట్టిన బిలే పరికరంలోంచి (తాడును ఆపుతూ వదిలే బ్రేకు) దాన్ని దిగేవాడి నడుముకున్న హార్నెస్‌కు వేసి, పైనుంచి ఒకరు కొంచెం కొంచెంగా వదులుతూ ఉండండి. సడలు మాత్రం ఉండకూడదు. స్టాటిక్ తాడు మీద మీటరు పడినా నడుము విరిగినంత దెబ్బ. ఆ తాళ్లతో కింద నుంచి పైకి లీడ్ క్లైంబింగ్ చేసే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానేయమను, దానికి పడినప్పుడు సాగి దెబ్బ తగ్గించే డైనమిక్ తాడే వాడాలి.

కత్తిరించిన 11 ఎంఎం 2.3 కిలోలు, కొత్త 10 ఎంఎం 2 కిలోల పైన కొంచెం. మొత్తం నాలుగున్నర కిలోల లోపు. ఇప్పుడు ఒకడే మోస్తున్నదానికి అరకిలో ఎక్కువ, కానీ ఇద్దరి బ్యాగుల్లో సగం సగం. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్ల సీసా మోసినంత. మీరంతా దిగడంలో, బ్రేకులో చేయి తిరిగాక, బ్రేకు పెంచుకోగల డిసెండర్లు కొన్నాక, 9 ఎంఎం గురించి నాకు మళ్లీ రాయి. మీటరు 50 నుంచి 55 గ్రాముల మధ్య ఉండే మంచి తాళ్లున్నాయి. అప్పుడు అది సరైన ప్రశ్న. 6 ఎంఎం నైలాన్ కార్డ్‌కు కూడా ఒక పని ఉంది. నడిచి దిగే దారి లేని చోట ఒంటి పేట మీద దిగి, ఆ తాడును కింద నుంచి లాక్కోవడానికి దాన్ని లాగుడు తాడుగా వాడతారు. రెండు పేటల లావు తాడు మోసే బదులు ఒకటి లావు, ఒకటి సన్నం. దానికి పైన అడ్డు ముడి సరిగ్గా వేయడం నేర్చుకోవాలి, ఇరుక్కుపోతే తాడు అక్కడే వదిలేసి రావాలి. మీకు కాలిబాట ఉన్నంత కాలం దాని అవసరం లేదు.

చోటు తగ్గాలంటే తాడును చుట్టలు చుట్టి కట్టడం మానేయండి. పొడుగాటి సంచిలోకి కొస నుంచి గుప్పెడు గుప్పెడుగా కూరుకుంటూ పోతే చోటు తక్కువ పడుతుంది, పైన విప్పేటప్పుడు చిక్కూ పడదు. సంచి అడుగున రెండు చిల్లులు పెట్టుకుంటే నీళ్లు కారిపోతాయి. ఇలా చిన్నదైపోయింది కదా అని స్కూటీ సీటు కింద డిక్కీలో పెట్టొద్దు. కొన్ని బండ్లలో బ్యాటరీ అక్కడే ఉంటుంది. బ్యాటరీ యాసిడ్ తగిలిన నైలాన్ పైకి ఏమీ తెలియనివ్వదు, లోపల పీచు పొడైపోతుంది. మధ్యాహ్నం ఎండలో డాబా మీద ఆరేయడం కూడా వద్దు. ఇంట్లో ఫ్యాను కింద వదులుగా పరిచి ఆరనివ్వు. మన సముద్రపు గాలికి తడి తాడు సంచిలో ఉంటే రెండు రోజుల్లో బూజు వాసన వేస్తుంది. కంపెనీలు చాలావరకు వాడకపోయినా పదేళ్లు దాటిన తాడును పక్కన పడేయమంటాయి. వారం వారం వాడేదైతే అంతకాలం రాదు.

హార్బర్ తాళ్ల సంగతి చివరికి వదిలేశాను. అక్కడ దొరికేవి వలలకు, పడవలకు. మూడు పేటలు మెలిపెట్టి పేనినవి ఎక్కువ. మనిషి వాటి మీద గాల్లో వేలాడితే మెలి విప్పుకుంటూ గిరగిరా తిరుగుతాడు. పాలీప్రొపిలీన్ అయితే నీళ్ల మీద తేలుతుంది, పడవకు అది మంచిదే, కానీ డిసెండర్ వేడికి 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. మనిషి బరువుకు పరీక్షించిన గుర్తు ఏదీ దాని మీద ఉండదు. అక్కడికి వెళ్తే బ్యాగులు పైకి లాక్కోవడానికి, వానొస్తే టార్పాలిన్ కట్టుకోవడానికి 6 ఎంఎం తాడు ఒక పాతిక మీటర్లు కొనుక్కో. అదీ నీలమో పసుపో, మీ క్లైంబింగ్ తాడు రంగుకు దగ్గరగా లేకుండా చూసుకో. పైన హడావుడిలో కొత్తవాడు చేతికందిన తాడుకు డిసెండర్ తగిలించకుండా ఉంటాడు.